రెజీనా వేసిన రెక్క

మైపాడులో జడ్సన్, రెజీనా దంపతులు ఫైబర్ పడవలు చేసేవాళ్లు. ఇద్దరు కూర్చునే చిన్న విమానం సొంతంగా చేసుకోవాలన్న కోరిక మాత్రం రెజీనాది. థర్మాకోల్ లాంటి దిమ్మను రెక్క ఆకారంలో కోసి, దాని మీద ఫైబర్ గుడ్డ పరిచి, ఎపాక్సీ జిగురు పట్టించాలి. అది గట్టిపడేలోపు లోపల గాలి బుడగ మిగలకుండా నొక్కాలి. ఆ పనిలో జడ్సన్ కన్నా రెజీనాదే మంచి చెయ్యి. కుడి రెక్క పూర్తిగా ఆమే వేసింది.

పడవల జిగురు ఇన్నేళ్లూ ఏమీ చేయలేదు గాని, ఈ ఎపాక్సీ ఆమెకు పడలేదు. మొదట మణికట్ల మీద దద్దుర్లు లేచాయి. పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని దాచింది. ఒకరోజు రెక్కను ఉప్పుకాగితంతో రుద్దుతుంటే లేచిన దుమ్ముకి మొహం ఉబ్బి, ఊపిరాడక కూలబడిపోయింది. ఆ షెడ్డులో అడుగు పెట్టవద్దని, ఆ దుమ్ము అంటిన బట్టలు కూడా దగ్గరికి రాకూడదని నెల్లూరు డాక్టరు గట్టిగా చెప్పాడు.

"ఇంక ఆపేస్తా మే," అన్నాడు జడ్సన్.

"ఆపితే నాకు ఇంకా బాధయ్యా. ఎడమది నువ్వు వెయ్యి. నేను ఎక్కకపోయినా, నువ్వు పైన పోతావుంటే చూస్తా గదా."

ఆ మాట కాదనలేక ఒక్కడే మొదలుపెట్టాడు. గుడ్డ ఒక కొస పట్టుకుంటే రెండో కొస జారిపోయేది. ఈలోగా గిన్నెలో కలిపిన జిగురు వేడెక్కి గడ్డకట్టేది. స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని ఇంటికి వెళ్లినా, పక్కన కూర్చోగానే ఆమెకు దగ్గు తెర వచ్చేది. చివరికి షెడ్డు వరండాలోనే పడుకోసాగాడు. ఎడమ రెక్క ఎలాగో అయిందనిపించాడు. ఆ తర్వాత పని సాగలేదు.

"అమ్మెయ్యయ్యా. నువ్వు ఇంటికి రా," అని రెజీనాయే అంది.

కావలి నుంచి హరినాథ్ అనే ఆయన లారీ తీసుకుని వచ్చాడు. ఆయనకూ ఇదే పిచ్చి. లోపల బుడగలున్నాయేమోనని రూపాయి బిళ్లతో రెక్కల మీద తట్టుకుంటూ, చెవి ఆనించి విన్నాడు.

"కుడిది ఎవురు వేసినారన్నా? యాడా బోలు శబ్దం లేదు."

"మా ఇంటామె."

రెజీనా రోడ్డు అవతల, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. రెక్కలు ఎక్కించుకుని లారీ కనుమరుగయ్యాక అక్కడినుంచే అడిగింది.

"ఏమన్నాడు?"

"నీ రెక్కలో ఒక్క బుడగ లేదన్నాడు."

"నీది?"

"కోసేసి మళ్లీ వేసుకోవాలంట."

రెజీనా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. జడ్సన్ రోడ్డు దాటబోయి ఆగిపోయాడు. రెక్కలు మోసిన చొక్కా నిండా తెల్లటి దుమ్ము.

"ఉండు మే, నీళ్లు పోసుకోని వస్తా!" అని అరిచి, షెడ్డు వెనక బోరింగు దగ్గరికి పరుగెత్తాడు.