ఇంత చారూ అన్నం

ఆ హోటలు కట్టిన కొత్తలో కోనసీమంతా దాని గురించే చెప్పుకున్నారట. ఇప్పుడు చెప్పుకోవడానికేం లేదు. గేటు దగ్గర 'ఆయుర్వేద స్పా, ఫ్యామిలీ రిసార్ట్' అన్న బోర్డు ఉప్పుగాలికి పెచ్చులూడిపోయింది. పిల్లల కొలను పక్కన సిమెంటు డాల్ఫిన్‌కి ముక్కు విరిగింది. గదుల్లో తువ్వాళ్ళు ఎంత ఉతికినా ముక్కిపోయిన వాసనే. జకూజీ అని రాసిన గదికి తాళం వేసి, లోపల విరిగిన కుర్చీలు పేర్చారు. అయినా కిటికీ తీస్తే సరుగుడు చెట్ల సందుల్లోంచి సముద్రం కనిపిస్తుంది కాబట్టి శని, ఆదివారాలు జనం వస్తూనే ఉన్నారు.

హైమవతికి మాత్రం ఆ ముక్క వాసన కూడా బాగానే ఉంది. ఎందుకుండదూ? పెళ్ళయ్యాక ఆవిడ పొయ్యికి దూరంగా గడపబోయే మొదటి రెండు రోజులివి. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న కూతురు ఉమాశ్రీ పట్టుబట్టి గదులు తీసుకుంది. "అమ్మా, భోజనాలు ప్యాకేజీలోనే ఉన్నాయి. నీ భుజానికి మసాజ్ కూడా చెప్పాను. రెండు రోజులు నువ్వు గరిట పట్టుకుంటే నా మీద ఒట్టే," అంది.

అప్పుడు హైమవతి భర్త చలపతి పేపరు పక్కన పెట్టి ఎంతో శాంతంగా అన్నాడు. "మీరంతా హాయిగా తినండమ్మా. నా గురించి హైరానా పడొద్దు. నాకు ఇంత చారూ అన్నం ఉంటే చాలు."

ఎంత అల్పసంతోషో చూడండి! ఆ 'ఇంత చారూ అన్నం' కోసం కరెంటు పొయ్యి, సత్తుగిన్నె, కుక్కరు, చింతపండు, చారుపొడి, పోపుల డబ్బా, నెయ్యి, అరిటాకులు, కాఫీ ఫిల్టరు, మడిచీర, అన్నీ ఒక పెద్ద సంచిలోకి ఎక్కాయి. ఆ సంచి కొత్తది కాదు. చలపతి బయటి తిండి ముట్టడు. కాశీ వెళ్ళినా, అన్నవరం సత్రంలో దిగినా, ఆఖరికి ఉమాశ్రీ పురిటికి ఆసుపత్రిలో ఉన్నా, హైమవతి ఎక్కడో ఓ మూల పొయ్యి పెట్టి మడి కట్టుకుని వండాల్సిందే. ఆ సంచి మోసీ మోసీ ఆవిడ కుడిభుజం పట్టేసింది.

ఇన్సూరెన్సు కంపెనీలో డెవలప్‌మెంట్ ఆఫీసరుగా చేసినన్నాళ్ళూ ఆయన ఏజెంట్ల మీటింగులకని ఊళ్ళు తిరిగాడు. తిరిగొచ్చి, "రెండు అరటిపళ్ళూ, గ్లాసుడు పాలూ, అంతే హైమా," అని కడుపు నిమురుకునేవాడు. ఆవిడకు ప్రాణం ఉసూరుమనేది. ఏ వేళైనా సరే లేచి ఎసరు పెట్టేది. ఆయన అక్కడ పస్తుంటే తనకిక్కడ ముద్ద ఎలా దిగుతుందని, ఆ నాలుగు రోజులూ తనూ మజ్జిగన్నంతోనే సరిపెట్టుకునేది. పుట్టింట్లో ఉల్లిపాయ పులుసంటే పడి చచ్చేది. ఆయనకు పడదని, కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఉల్లిపాయ అడుగు పెట్టలేదు.

వచ్చిన సాయంత్రం స్పాలో పనిచేసే బేబీ వచ్చి పలకరించింది. పక్కనున్న, చేపలు పట్టే పల్లెకారుల పేటలో పిల్ల. "ఏ భుజమండీ అమ్మగారూ?" అంటూ వెనక నిలబడి బొటనవేలితో ఒక్కచోట నొక్కింది. సరిగ్గా అక్కడే. హైమవతికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పికి కాదు. ఆ భుజం నొప్పి పెడుతుందని అందరికీ తెలుసు, అక్కడ చెయ్యి వేసిన వాళ్ళు ఒక్కరూ లేరు.

"పొద్దున్న పదింటికి రండమ్మా. నూనె కాచి ఉంచుతాను. పదకొండు దాటితే వేరేవాళ్ళకి రాశారండి," అని చెప్పి వెళ్ళింది బేబీ. ఆ రాత్రి హైమవతి ఆ మసాజ్ గురించే తలుచుకుంటూ పడుకుంది. చిన్నపిల్ల తిరునాళ్ళ కోసం చూసినట్టు చూసింది.

పొద్దున్నే ఉమాశ్రీ, అల్లుడు సూర్యతేజ, పిల్లాడిని తీసుకుని సముద్రానికి వెళ్ళారు. చలపతి కూడా, "అలా ఇసుకలో నడిచొస్తాను. నువ్వు చారు పడేసి వెళ్ళు," అని చెప్పులేసుకున్నాడు. హైమవతి స్నానం చేసి, మడిచీర కట్టుకుని, బాల్కనీలో పొయ్యి పెట్టింది. పొయ్యీ ఏసీ కలిపి వేస్తే ఫ్యూజు పోతోంది కనక ఏసీ కట్టేసింది. చెమటలు కారుతున్నాయి. అన్నం అయింది. చారు పొంగు వచ్చింది. పదిన్నర దాటుతూండగా బేబీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వస్తానమ్మా, అయిపోయింది. ఒక్క ఉప్పు వేస్తే చాలు," అంది హైమవతి.

ఉప్పు లేదు. సంచంతా బోర్లించింది. కాశీ దాకా మోసుకెళ్ళిన సంచిలో ఏనాడూ మరిచిపోని ఉప్పు, ఈసారి మసాజ్ ధ్యాసలో పడి మరిచిపోయింది. తనను తను తిట్టుకుంటూ పొయ్యి కట్టేసి, స్టీలు గ్లాసు పట్టుకుని కింద డైనింగు హాలుకి దిగింది.

హాలు దాదాపు ఖాళీ. మూల, చేపల తొట్టి వెనక బల్ల దగ్గర కూర్చుని చలపతి పెసరట్టు తింటున్నాడు. అట్టు మీద ఉల్లిపాయ ముక్కలు ఎర్రగా వేగి ఉన్నాయి. నడుమ ఉప్మా పొగలు కక్కుతోంది. ఆయన ముక్క తుంచి, అల్లప్పచ్చడిలో అద్ది, కళ్ళు మూసుకుని నములుతున్నాడు.

వడ్డిస్తున్న లాజరు ఆవిణ్ణీ, ఆవిణ్ణి చూసి సర్దుకున్న చలపతినీ గమనించి, చేతులు జోడించాడు. పాతికేళ్ళుగా ఆ హాల్లో వడ్డిస్తున్న మనిషి. "సారుగారి మేడమ్ గారా అండీ! ఇన్నేళ్ళకి తీసుకొచ్చారన్నమాట. ఏజెంట్ల మీటింగులు చాలావరకు ఇక్కడే అయ్యేవి కదండీ. సారుగారు వస్తున్నారంటే మా వంటాయన ముందే ఉల్లిపాయలు తరిగి ఉంచేవాడండి. రెండో అట్టు తినకుండా లేచేవారు కాదు."

అతను సంతోషంగా చెప్పాడు పాపం. చెప్పి ఇంకో అట్టు తేవడానికి వెళ్ళాడు.

హైమవతి గ్లాసు బల్ల మీద పెట్టి కూర్చుంది. అరటిపళ్ళు, గ్లాసుడు పాలు. వేళకాని వేళ ఎసర్లు. తను తిన్న ఆ మజ్జిగన్నాలు. "మరి నాకెందుకు చెప్పలేదు?" అంది.

చలపతి మూతి తుడుచుకున్నాడు. "చెబితే నువ్వు బాధపడతావని. అంత ఇష్టంగా చేసి పెడతావాయె! నీ తృప్తి నేనెందుకు పాడు చెయ్యాలి?"

అదీ సంగతి. ఇన్నేళ్ళూ ఆవిడ తృప్తి కోసం ఆయన ఇంట్లో చారన్నం తిన్నాడట! హైమవతికి చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. కోపం వచ్చింది, కోపం కంటే ఎక్కువగా సిగ్గేసింది.

లాజరు తెచ్చిన అట్టు తన ముందుకు లాక్కుంది. తుంచి నోట్లో పెట్టుకుంది. ఉల్లిపాయ పంటి కింద నలిగింది. మింగలేకపోయింది. ఎంత ప్రయత్నించినా ఆ రుచి ఇప్పుడు ఆవిడది కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

"పడదులే నీకు," అన్నాడు చలపతి. కంచం తనవైపు జరుపుకున్నాడు. ఇంట్లో ఆవిడ తాగిన గ్లాసు పక్కన పెట్టినా ఎంగిలి అని మళ్ళీ స్నానానికి పంపే మనిషి, ఆవిడ కొరికిన అట్టును తుంచుకుని తినడం మొదలుపెట్టాడు. "పారెయ్యడం దేనికి? అన్నట్టు చారు దించావా? మధ్యాహ్నానికి ఇది ఆగదు."

హైమవతి ఉప్పు పోయించుకుని లేచింది. మెట్ల దగ్గర బేబీ ఎదురైంది. "పదకొండు దాటిపోయిందండి అమ్మగారూ. వాళ్ళొచ్చేశారు. రేపు పొద్దున్న..."

"రేపు పొద్దున్నే బయల్దేరుతున్నామమ్మా," అంది.

గదిలోకి వచ్చి తలుపు గడియ వేసింది. పొయ్యి వేసి, చారులో ఉప్పు వేసి, మళ్ళీ పొంగు రానిచ్చింది. ఒక్క అరిటాకు పరిచింది. అన్నమంతా వడ్డించుకుని, నెయ్యి వేసి, పొగలు కక్కే చారు పోసుకుని కలిపింది. వేళ్ళు కాలాయి. ఎప్పుడూ అందరూ లేచాకే కూర్చునేది. తన చారు వేడిగా ఎలా ఉంటుందో ఇన్నేళ్ళూ ఆవిడకే తెలియదు. బాగుంది. ఎంతో బాగుంది. అంత బాగున్నందుకే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తింది.

తలుపు చప్పుడైంది. "హైమా, ఆకు వేశావా?"

గిన్నె అడుగున గరిటెడు చారు మిగిలింది. హైమవతి అది కూడా ఆకులోకి వంచుకుంది.