కింది పొర

ట్యాంకులో పంచదార లేదు.

మీటరు రెండోసారీ సున్నానే చూపించింది. "పొద్దున నీళ్లలో ఉంది. సాల్వెంటు పోసి కలిపారు. ఇప్పుడు పై పొరలో రవ్వంత లేదు. రెక్కలొచ్చాయా?" మేనేజరు ఆ కొత్త అమ్మాయి వైపు చూశాడు. ట్యాంకు నింపింది ఆమే. చేరి నెల తిరగలేదు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

పక్కనున్న ఆమె మావగారికి ఏమీ పాలుపోలేదు. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ను పొరల మావయ్య అంటారు. సాల్వెంటు నీళ్లలోని పంచదారను లాక్కుని పైకి తేలుతుంది. గాజు కిటికీలో రెండు పొరల మధ్య గీత తేలేదాకా కాచుకోవాలి. కింది వాల్వు తిప్పి నీళ్లు కాలవలోకి వదలాలి. గీత దిగగానే కట్టేయాలి. బతుకంతా అదే పని. ఇంట్లో బిందెడు బురదనీళ్లు తేరుకుంటున్నా ఆగి చూసేవాడు. "నా మొహం ఎప్పుడైనా అంతసేపు చూశారా?" అని దెప్పేది పోయిన భార్య.

ఇవాళా అలాగే చేశాడు. మరి?

"కొత్త సాల్వెంటు సార్," కెమిస్టు నసిగింది. "నీళ్లకన్నా బరువు. కిందికి దిగుతుంది. నిన్న టీ దగ్గర అందరికీ చెప్పాను."

"అయితే సరుకంతా కాలవపాలు. వాల్వు తిప్పిందెవరు?"

"నేనే సార్," అంది కోడలు.

ఆయన తెల్లబోయాడు. పొద్దుట్నుంచీ ఆమె పంపు దగ్గరే ఉందిగా.

"నువ్వెప్పుడమ్మాయ్..."

"మీరూరుకోండి మావయ్యా." గొంతు తగ్గించింది. "కొత్తదాన్నని తిట్టి వదిలేస్తారు. మీరని తెలిస్తే ముసలాడైపోయాడని ఇంటికి పంపేస్తారు."

"రేపట్నుంచి రావక్కర్లేదు," అన్నాడు మేనేజరు.

ఆమె కోటు బొత్తాలు విప్పడం మొదలుపెట్టింది.

నిన్న టీ దగ్గర తలూపడం ఆయనకు గుర్తుంది. ఇవాళ వాల్వు తిప్పడమూ గుర్తుంది. తిప్పేటప్పుడు ఆ మాట ఎక్కడికి పోయిందో ఎంత వెతికినా దొరకలేదు.

"బొత్తాలు పెట్టుకో అమ్మాయ్," అన్నాడు. "సార్, ఆ పిల్ల వాల్వు ముట్టుకోలేదు. పంచదార కాలవలో పోసింది నేను."

ఆయన ఎవరి జవాబు కోసమూ ఆగకుండా బయటికి నడిచాడు.

ఆయన గేటు దాటాక మిగతావాళ్లు చూశారు. వాల్వు పిడి మీద రబ్బరు గ్లవుజులున్నాయి, వేళ్లు ఇంకా పిడిని పట్టుకున్నట్టే వంగి.