తొట్టిలో తెల్లతామర

కాట్రేనికోన దగ్గర బంగారరాజు చెరువు నిండా ఎర్రతామరే. తెల్లతామర ఒక్క మూలనే పూసేది. మంగాయమ్మ ఇరవై ఏళ్లు ఆ చెరువులో నడుంలోతు దిగి, ఆకులు పెళ్లిభోజనాలకీ, పువ్వులు గుళ్లకీ, దుంపలు కూరకీ అమ్ముకుని బతికింది. ఎవరైనా కలువపువ్వు తెచ్చి తామరంటే ఆవిడకి ఒళ్లు మండేది. కలువాకు నీళ్లమీద పడుంటుంది, తామరాకు తలెత్తి నిలబడుతుంది. ఆ మాత్రం కళ్లు లేవా?

తొంభై అయిదులో బంగారరాజు ఆ చెరువులోకి ఉప్పుటేటి నీళ్లు పెట్టి రొయ్యలు వేశాడు. వారం తిరక్కుండా ఆకులు నల్లబడి, జిగురు తేలి, కంపు వీధిదాకా కొట్టింది. మంగాయమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని బురదలో వెతికి, ప్రాణమున్న తెల్లతామర దుంప ఒక్కటి తెచ్చి పెరట్లో సిమెంటు తొట్టిలో పాతింది. అది బతికితే ఏదో ఒక మంచినీళ్ల చెరువులో మళ్లీ వెయ్యొచ్చని ఆశ. మరుసటేడు ఒక్క మొగ్గ వేసింది.

ఆ ఏడే రొయ్యలకి తెల్లమచ్చ తెగులు తగిలింది. రాజు గట్టుమీద నూటెనిమిది తామరలతో లక్ష్మీపూజ పెట్టాడు. జొన్నాడ నుంచి తెప్పించిన పువ్వుల్లో ఒకటి తగ్గింది. తిన్నగా ఆవిడ పెరట్లోకి వచ్చాడు.

"ఒక్క మొగ్గేగా మంగాయమ్మా. అమ్మవారికే కదా!"

చెరువెడు తామరల్ని కుళ్లబెట్టినవాడికి తామరపూజ! కానీ అమ్మవారి పేరెత్తాక మంగాయమ్మ కాదనలేకపోయింది.

"ఆయ్. ఉండండి రాజుగారూ, నేను కోసిస్తానండి. నీళ్లకి పైన కొయ్యాలండి. కింద తెగితే కాడలోంచి నీరు దిగి దుంప కుళ్లిపోద్దండి."

ఆవిడ చాకు కోసం లోపలికి వెళ్లిందో లేదో, అతను మోచేతిదాకా ముంచి కాడని అడుగంటా తెంపేశాడు. కాడ పొడుగ్గా ఉంటే పళ్లెంలో అందంగా ఉంటుందట.

పదిహేను రోజులకి మళ్లీ వచ్చాడు. ఒళ్లంతా చచ్చిన రొయ్యల కంపు.

"రొయ్యలింకా చస్తానే ఉన్నాయి. మళ్లీ పూజ చెయ్యమని చెప్పేరు పంతులుగారు. ఇంకో మొగ్గేమన్నా వేసిందా?"

"ఆయ్. చెయ్యి పట్టండి" అంది మంగాయమ్మ.

తొట్టి అడుగునుంచి తీసి, నల్లగా మెత్తబడిన దుంపని అతని అరచేతిలో పెట్టింది. వేళ్ల సందుల్లోంచి చీములాంటి నీళ్లు కారాయి. రాజు "ఛీ ఛీ" అంటూ విదిలించబోయాడు.

"పారెయ్యకండి రాజుగారూ. అమ్మవారికే కదండీ!"