పరుపులో పెట్టిన చెవి

మా ఇంట్లో మా కోడలు పుస్తకాలు చదివే గది ఒకటుంది. తన కోసం చదువుకోవడం కాదు. కళ్లు కనిపించనివాళ్లూ, బండి నడుపుతూ వినేవాళ్లూ, నాలాగా అక్షరం ముక్క రానివాళ్లూ ఉంటారు కదా, అలాంటివాళ్ల కోసం కథల పుస్తకాలు పైకి చదివి, మైకులో రికార్డు చేసి ఒక కంపెనీకి పంపుతుంది. అంతకుముందు అది పాత సామాన్ల గది. కోడలి తమ్ముడికి బజార్లో రేడియోలూ స్పీకర్లూ బాగుచేసే కొట్టుంది. అతనే వచ్చి మైకూ, తీగలూ, కంప్యూటరూ అమర్చాడు. గోడలకు పరుపులు నేను కుట్టాను. బతుకంతా పరుపులు కుట్టినవాణ్ణి. దూది దట్టంగా కూరి, పైన పలచని గుడ్డ వేసి, నాలుగు గోడలకూ తలుపుకూ బిగించాను. తలుపు మూస్తే లోపలి మాట ఒక్కటి బయటికి రాదు. అంత బాగా కుట్టాను.

అలా కుట్టి నా గోతిని నేనే తవ్వుకున్నాను. నాకు కథలంటే పిచ్చి. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ పత్రికల్లో వచ్చినవి చదివి వినిపించేది. ఆమె పోయాక ఆ వినడం ఆగిపోయింది. ఇప్పుడు ఇంట్లోనే రోజూ కథ చదువుతున్నారు, నాకు మాత్రం తలుపు మూసి ఉంది. ఒకసారి అడిగి చూశాను.

"సగంలో ఉన్నది ఎవరికీ వినిపించను మామయ్యగారూ. అన్నీ తప్పులుంటాయి, నాకు సిగ్గు. పుస్తకం మొత్తం అయ్యాక మొదట మీకే" అంది.

మొత్తం అవడానికి నెలలు పడుతుంది. నాకంత ఓపిక లేదు.

మనవడు ఉయ్యాల్లో ఉన్నప్పుడు కొన్న జంట పెట్టెలు అటక మీద పడున్నాయి. ఒకటి ఉయ్యాల దగ్గర పెడితే, రెండోది వంటింట్లో మోగేది. వాడు అక్కడ ఏడిస్తే పెట్టె ఇక్కడ ఏడ్చేది. మధ్యలో తీగా గీగా ఏం లేదు. వాడిప్పుడు బడికి పోతున్నాడు. కోడలు వాణ్ణి దింపడానికి వెళ్లిన పూట, మైకు వెనకున్న పరుపు కుట్టు విప్పాను. దూదిలో గూడు చేసి ఒక పెట్టె అందులో పెట్టి మళ్లీ కుట్టేశాను. ఆమె నోటికి దగ్గరగా ఉంటుందని అక్కడ పెట్టాను. బ్యాటరీలు మార్చుకోవడానికి అంచున రెండు కుట్లు వదులుగా ఉంచాను. రెండో పెట్టె నా దిండు కింద.

ఇక నాకు రోజులు తెలియలేదు. ఓడలకు దీపం చూపించే ఒకడి కథ అది. అతను జబ్బుపడితే కూతురు ఆ పని మీదేసుకుంటుంది. కోడలు చదువుతుంటే సముద్రం నా మంచం కిందే కొట్టుకుంటున్నట్టుండేది.

నేను చెబుతుంటే ఇదంతా రాసిపెడుతున్న పక్కింటి పిల్లా, ఇక్కడ కాస్త ఆగి రాయమ్మా. తర్వాతి సంగతి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

ఆ గదిలో కోడలు పుస్తకం చదవడమే కాదు. మా అబ్బాయితో ఏదైనా గట్టిగా మాట్లాడాలంటే, నేను వినకూడదని, పెద్దాయన నొచ్చుకుంటాడని, అక్కడికే పిలుచుకుపోయి తలుపేసేది. ఒకరోజు కథ ఆగింది కానీ మాటలు ఆగలేదు.

"ఇన్ని పరుపులున్నా మామయ్యగారి దగ్గు గోడలోంచి తన్నుకొస్తోంది. ఒక్కో వాక్యం మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తోంది. పిచ్చెక్కిపోతోంది నాకు."

"నాన్నతో చెప్పనా?"

"చెప్పావంటే ఊరుకోను. దగ్గు ఆయన చేతిలో ఉందా? ఏదో నీ దగ్గర అన్నాను, అంతే."

నేను దిండు కింద చెయ్యి పెట్టి పెట్టె ఆపేశాను. ఆ రోజునుంచి దగ్గొస్తే ఇంటి బయట మెట్ల కిందకి పోయి, తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గడం మొదలుపెట్టాను. పెట్టె తీసేయాలి కదా? తీయలేదు. మర్నాడు కథ మొదలయ్యేసరికి చెయ్యి దానంతటదే దిండు కిందకి పోయింది.

అంతలో కంపెనీవాళ్లు చదివిందంతా తిప్పి పంపారు. మాటల వెనక గరగరమంటోందట. నా పెట్టెలో అలాంటిదేమీ వినిపించేది కాదు. కోడలు తమ్ముణ్ణి పిలిపించింది. తలుపు తెరిచే ఉంది, నేనూ గుమ్మంలో నిలబడ్డాను.

"అక్కా, మాట్లాడకుండా కూర్చో" అని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. "శుభ్రంగా ఉంది. ఇప్పుడు మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"నన్ను తిట్టు. అదైతే వెతుక్కోనక్కర్లేదు."

కోడలు తిట్టింది. గరగర వచ్చింది. ఆపింది. అదీ ఆగింది.

"మీ అక్క నోరు తెరిస్తే కరెంటుకి కూడా వణుకేరా" అన్నాడు మా అబ్బాయి.

"నువ్వు బయటికి నడు బావా. ముందు ఆ చేతి గడియారం విప్పు, అది కూడా గాల్లో మాట్లాడే రకమే."

గడియారం, ఫోన్లు, వైఫై, వీధి తలుపు దగ్గర తీగ లేని గంట, అన్నీ ఆపించాడు. కోడలు నోరు తెరవగానే మళ్లీ గరగర. అతను నడుం మీద చేతులు పెట్టుకుని గోడల వంక చూశాడు. "గాల్లోంచి వస్తోంది అక్కా. నువ్వు మాట్లాడితే నిద్ర లేస్తోంది, ఊరుకుంటే పడుకుంటోంది. అదేంటో నాకు అందడం లేదు."

నాకు అందింది. నా పెట్టె అలాంటిదే. బ్యాటరీ అయిపోకుండా, చప్పుడైతేనే మేలుకుంటుంది. పిల్లాడు ఏడిస్తేనే మోగేది కదా.

అప్పుడే చెప్పాల్సింది. చెబితే దగ్గు సంగతి విన్నానని కూడా తెలిసిపోతుంది. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అప్పుడే కంపెనీ నుంచి ఫోనొచ్చింది. ఈ వారంలో బాగున్న రికార్డింగు రాకపోతే పుస్తకం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. కోడలు ఫోను పెట్టేసి తమ్ముడి మీద పడింది.

"గాలీ లేదు, దెయ్యమూ లేదు. కొట్టులో అమ్ముడుపోని తీగ నాకు తగిలించావు. నిజం చెప్పు."

"అక్కా, ఆ మాట వెనక్కి తీసుకో."

"తీసుకోను."

అతను పనిముట్లు సంచిలో వేసుకున్నాడు. చెప్పులు సగం వేసుకుని, సగం ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు కోడలు కొత్త తీగ కొనడానికి బజారుకి వెళ్లింది. అదే అదను అనుకుని కుట్టు విప్పి పెట్టె తీసేశాను. ఇక గరగర పోతుంది, పుస్తకం నిలబడుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు అనుకున్నాను. ఆమె వచ్చి తీగ మార్చి చదివింది. కాసేపటికి తలుపు తీసి వచ్చింది. నవ్వు మొహంతోనే, కళ్లలో నీళ్లు.

"పోయింది మామయ్యగారూ! తీగే. నా సొంత తమ్ముడే నాకిలా చేశాడు, చూశారా?"

నేను పెట్టె తీసింది ఆమె పని నిలబడటానికి. కానీ నేను తీసిన పూటే ఆమె తీగ మార్చడంతో ఆ తమ్ముడి మీద నేరం రుజువైపోయింది.

సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ అతని కొట్టుకి వెళ్లాను. ఎవరో స్పీకరు తెస్తే, "ఇంకో చోట చూపించుకోండి" అని పంపేస్తున్నాడు. బల్ల మీద ఒక తీగ నిలువునా చీల్చి పెట్టుకున్నాడు. అక్కకు వేసిన తీగకి జత అది.

"రండి పెద్దాయనా. అక్క పని సర్దుకుందటగా, బావ చెప్పాడు." చీల్చిన తీగ నా ముందుకి తోశాడు. "ఇది కొత్తదే పెద్దాయనా. నా చేత్తో అతికాను. తప్పెక్కడుందో పొద్దుట్నుంచీ వెతుకుతున్నాను. నా చెయ్యే పాడైందేమో."

చేతిపని చేసుకునేవాడు తన చేతిని అనుమానించడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. "నీ చెయ్యి బాగానే ఉంది నాయనా" అన్నాను. మిగతాది ముందు చెప్పాల్సింది కోడలికి అనుకుని వెనక్కి తిరిగాను.

ఇంటికి వచ్చి రెండు పెట్టెలూ తెచ్చి కోడలి ముందు పెట్టాను.

"ఇవి బాబువి కదా?"

"ఒకటి నీ మైకు వెనక పరుపులో ఉంది. నేనే కుట్టాను. గరగర దానిదే. పొద్దున నువ్వు బజారుకెళ్లాక తీశాను. తీగ తప్పు కాదమ్మా."

ఆమె ఒక పెట్టె చేతిలోకి తీసుకుంది. "ఎందుకు?"

"కథ కోసం."

"కథ కోసం!" అని పెట్టె తిరగేసి చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఇంకేం విన్నారు?"

"దగ్గు సంగతి."

కోడలు కూర్చుండిపోయింది. "అందుకేనా ఈమధ్య మెట్ల కిందకి పోతున్నారు? చల్లగాలికి అనుకున్నాను."

"అవునమ్మా."

"మీరు వినకూడదని తలుపేసుకుని చెప్పుకున్న మాట మామయ్యగారూ. ఆ తలుపుకి పరుపు మీరే కుట్టారు. మీరే దానికి కన్నం పెట్టారు."

అరిచి ఉంటే బాగుండేది. లేచి, చెప్పులేసుకుని, తమ్ముడి కొట్టుకి వెళ్లింది. దీపాలు పెట్టే వేళకి ఇద్దరూ కలిసి వచ్చారు. అతని మొహం తేటగా ఉంది. నన్ను చూడగానే, "ఏం పెద్దాయనా, పాపం నా తీగని జైల్లో వేయించారే!" అన్నాడు. మా అబ్బాయి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, కోడలికీ రాలేదు.

భోజనాల దగ్గర అందరికీ వడ్డిస్తూ, తమ్ముడి కంచం వంక చూస్తూ అంది: "రేపట్నుంచి మామయ్యగారు ఇంట్లోనే ఉండాలి. దగ్గొస్తే దగ్గాలి. నేను ఆగి మళ్లీ చదువుకుంటాను."

నేను తలూపాను. ఆమె నా వైపు చూడలేదు.