వెనక్కి రావలసిన తెల్ల బంతి

గుడియాత్తంలో లుంగీల అంగడి పైనున్న పూల్ క్లబ్బుకు లిఫ్టు లేదు. ముందు లోకనాథ్, వెనక క్లబ్బు యజమాని తంగవేలు పట్టుకుని, కార్తిక్‌ను చక్రాల కుర్చీతో సహా మెట్లెక్కించారు.

"పెళ్లికొడుకును కూడా ఇట్ట మోసుండరు తంబీ," అన్నాడు తంగవేలు రొప్పుతూ.

కార్తిక్ నవ్వలేదు.

లోకనాథ్, కార్తిక్ అన్నదమ్ములు, ఇద్దరూ మేస్త్రీలే. నిరుడు, నిలబడి గోడ కడుతున్న సారవ కట్టె విరిగి తమ్ముడు పైఅంతస్తు నుంచి పడ్డాడు. మెడ దగ్గర నరం నలిగి కాళ్లు పోయాయి. కుడిచేతి వేళ్లు సగమే మాట వింటున్నాయి. వేలూరు ఆసుపత్రిలో వారం వారం కసరత్తు చేయిస్తున్నారు. ఆ బస్సులు, తనను ఆ మోసుకుపోవడాలు ఇక చాలన్నాడు కార్తిక్.

"తెల్ల బంతిని వెనక్కి లాగతా. వచ్చిందా, వేలూరికి వస్తా. రాలేదా, నన్ను ఇంట్లోనే పడుండనీ అన్నా."

ఒకప్పుడు ఊళ్లో ఆ దెబ్బ అతనిదే. తెల్ల బంతిని నడిమికి కాస్త కింద కొడితే, అది వెనక్కి సుడి తిరుగుతూనే ముందుకు పోతుంది. రంగు బంతిని గుంటలోకి తోసి, పిలిచినట్టు వెనక్కి వస్తుంది. "బలం కాదన్నా, మణికట్టు. కర్రను కోడిపిల్లను పట్టినట్టు పట్టుకోవాల," అనేవాడు. లోకనాథ్‌కు అది ఏనాడూ రాలేదు. అతను కర్రను తాపీలాగే పట్టేవాడు.

ఇప్పుడు జేబులోంచి నీలిముక్క తీసి, కర్ర మొనకు రుద్ది తమ్ముడికి అందించాడు. కార్తిక్ వంగాడు. కుర్చీ చేయి అడ్డమొచ్చి కర్ర వెనకభాగం పైకి లేచింది. కొట్టాడు. కీచుమంది. తెల్ల బంతి పక్కకు జారి, దేన్నీ తాకకుండా ఆగింది.

"అయిపాయె. దించండి నన్ను."

లోకనాథ్ కర్ర తీసుకున్నాడు. మొన నున్నగా మెరుస్తోంది. అది కర్ర మొన జారకుండా రుద్దే చాక్ కాదు. పొద్దున పనిలో నూలుతాడుకు పూసి గోడ మీద గీత కొట్టిన నీలంగడ్డ. అదే రంగు చాక్ ముక్క ఇంకో జేబులో ఉంది.

చెప్పకపోతే తమ్ముణ్ని వేలూరికి మోసుకుపోవడాలన్నీ ఇక్కడితో ఆగుతాయి. ఆ తలపు వచ్చినందుకే సిగ్గుపడి, నీలంగడ్డ తీసి తమ్ముడికి చూపించాడు.

"తప్పు నాదిరా. గోడ నీలం రుద్దినా."

కార్తిక్ దాన్నీ అన్ననూ మార్చి మార్చి చూశాడు. "నన్ను ఈడికి ఆడను తెచ్చినావా, గోడ కట్టను తెచ్చినావా?"

తంగవేలు పగలబడి నవ్వాడు. కార్తిక్ పెదవి కొస కొంచెం కదిలింది.

ఈసారి అన్న ఇచ్చిన చాక్‌ను తనే రుద్దుకున్నాడు. చాక్ గరుకు. మొన బంతిని పట్టుకుంటేనే సుడి. కొట్టాడు. రంగు బంతి గుంటలో పడింది. తెల్లది తగిలినచోటే నిలిచిపోయింది. వెనక్కి రాలేదు.

"రాలేదు," అన్నాడు కార్తిక్.

"ముందుకూ పోలే కదప్పా," అన్నాడు తంగవేలు మెల్లగా. "సుడి లేకుంటే దాని వెనకే గుంటలో పడుండును."

కార్తిక్ కర్రను బల్ల మీద పెట్టేశాడు. ఇద్దరూ మళ్లీ అతన్ని మెట్లు దించారు. కింద రోడ్డు మీదికి వచ్చాక లోకనాథ్ చూశాడు. తమ్ముడి కుడి గుప్పిట మూసి ఉంది. వేలూరు కసరత్తులో స్పాంజి బంతినైనా పట్టలేని ఆ వేళ్ల మధ్య చాక్ ముక్క ఉంది.

"ఇటియ్, జేబులో పెడతా."

"నీ జేబునా? వద్దు సామీ." కార్తిక్ ఎండలోకి చూశాడు. "ఆ వేలూరు బస్సు నీడన నిలబడి చావదు. ఈసారన్నా గొడుగు తీసకరా."