అచ్చు గుద్దినట్టు

అక్క పోయిన ఏడాదికి బావకు నన్నిచ్చి చేశారు. పెళ్లిలో చుట్టాలందరిదీ ఒకటే పాట, "అచ్చు గుద్దినట్టు అక్కే!" అని. నన్ను పొగిడారో, పోయిన సామానుకు జోడీ దొరికిందని బావను ఓదార్చారో నాకిప్పటికీ తెలియదు.

బావ పనీ అచ్చులతోనే. మ్యూజియం దుకాణానికి ప్రాచీన గ్రీకు నాణేల నకళ్లు చేస్తాడు. ఉక్కు దిమ్మల మీద బొమ్మలు చెక్కి, ఆ రెండు అచ్చుల మధ్య వెండి బిళ్ల పెట్టి సుత్తితో ఒక్కటిస్తే నాణెం. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న దేవత, రెండోవైపు గుడ్లగూబ. ఆ తర్వాతి పని నాది. కొత్త మెరుపు పోయేలా మందునీళ్లలో నల్లబరచి, గుడ్డతో రుద్ది, అంచున 'నకలు' అని చిన్న ముద్ర కొట్టాలి. అది లేకపోతే దుకాణం వాళ్లు తీసుకోరు.

దేవత అచ్చు బీటలు వారింది. కొత్తది చెక్కడానికి బావ నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు.

"ఇటు తిరుగు. గడ్డం కొంచెం ఎత్తు. కదలకే."

పెళ్లయ్యాక ఆయన నా ముఖం అంతసేపు చూడటం అదే మొదలు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను లేవలేదు. ఎక్కడెక్కడి జనమో నా ముఖాన్ని జేబులో వేసుకుపోతారని మురిసిపోయాను, పిచ్చిమొహాన్ని.

మొదటి నాణెం నా చేతిలో పెట్టాడు. నా నుదురే, నా గడ్డమే. ముక్కు మీద మాత్రం చిన్న బొడిపె.

నా ముక్కు సూటిగా ఉంటుంది. ఆ బొడిపె అక్కది. చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకుని మెట్లు దిగుతూ పడింది. నన్ను వదల్లేదు, తన ముక్కు పగలగొట్టుకుంది. కోపం నషాళానికి అంటింది గానీ, ఎవరి మీద చూపించను?

దుకాణం మేనేజరు వచ్చి చూశాడు. "ముక్కు అసలు నాణెంలో ఉన్నట్టు లేదే!" బావ ముఖం మాడిపోయింది. "పర్లేదులెండి," అన్నాడు మేనేజరే. "జనం గుడ్లగూబను చూసి కొంటారు. ఆవిడ ముఖం ఎవరు చూస్తారు?"

నవ్వాను. ఆ ఇంట్లో నిజం మాట్లాడినవాడు ఆయనొక్కడే.

మేనేజరు వెళ్లాక అడిగాను. "ముక్కు అలా వచ్చిందేం బావా?"

"నీకది లేదుగా," అన్నాడు, నా లోపాన్ని మన్నిస్తున్నట్టు. "మిగతాదంతా నిన్ను చూసి చెక్కేశాను. అదొక్కటే గుర్తు తెచ్చుకోవాల్సొచ్చింది. ఫొటోలన్నీ ఎదురుగా తీసినవే, పక్కనుంచి ఒక్కటీ లేదు. మర్చిపోతానేమోనని భయమేసేది."

దాచాలని కూడా అనిపించలేదు మనిషికి. ఏడుపొచ్చింది, మందునీళ్ల ఘాటు మీదికి నెట్టేశాను.

నాణేలు రుద్దుతుంటే, నాలుగు రుద్దులు ఎక్కువ రుద్దితే ఆ బొడిపె అరిగిపోతుందని తెలుసు. చేతులు రాలేదు. నన్ను మోసిన మనిషి ముక్కు అది.

ముద్ర కొట్టడం మొదలుపెట్టగానే బావ గబగబా వచ్చి మొదటి నాణెం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"దీనికి కొట్టకు. ఇది అమ్మేది కాదు."

"అసలుదానికి నకలు ముద్ర ఎవరు కొడతారు బావా?"

"అదేగా," అన్నాడు సంబరంగా. "నువ్వు అర్థం చేసుకుంటావని నాకు తెలుసు." ప్రేమగా నా చెంప నిమిరాడు. బొటనవేలు ముక్కు మీదికి వచ్చి, అక్కడేమీ తగలక ఆగిపోయింది.