ఎంగిలి తెలియని కత్తెర

నేను ఒక కత్తెరను. బట్టలు కోసే సన్నరకాన్ని కాదు, కాగితాలు కోసే ఆటవస్తువును అసలే కాదు. గొర్రెల ఉన్ని కోసే కత్తెరను. మూరెడు పొడవుంటాను, రెండు చేతులు వేస్తే గాని లొంగను. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. కొన్నాళ్లు నేను గొర్రె ఉద్యోగం చేశాను. నవ్వకండి, బాగా చదువుకున్నవాళ్లే నాకా ఉద్యోగం ఇచ్చారు.

నన్ను చేసినవాడు ఒక కమ్మరి. పాత బండి కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, రెండు పలకలు తీసి మధ్యలో మేకు బిగించాడు. చేయించుకున్నవాడు కురుమ సాయిలు. గొంగళ్లకు ఉన్నినిచ్చే నల్లగొర్రెల మంద అతనిది. ఏడాదికి రెండుసార్లు గొర్రెలను వాగులో కడిగి, ఎండలో ఆరనిచ్చి, అప్పుడు నన్ను దూలం మీద నుంచి దించేవాడు. దానికో మర్యాద ఉండేది. ముందు నన్ను పసుపునీళ్లతో కడగాలి. కోత అయ్యేదాకా కోసేవాడి నోట్లో వక్కపలుకు కూడా ఉండకూడదు. ఎంగిలి చేత్తో నన్నెవరూ ముట్టకూడదు. ఉన్ని తప్ప నాతో మరేదీ కోయకూడదు. అతని భార్య ఒకసారి మరిచిపోయి సంచి మూతి దారం కోయబోతే ఆ పూట ఇల్లు పీకి పందిరేశాడు. ఇంత గౌరవం జరిగితే ఎవరికైనా కాస్త గీర పుడుతుంది. నాకూ పుట్టింది.

ఇంత పట్టింపున్న మనిషి మనవరాలి దగ్గర మాత్రం వెన్నలా కరిగిపోయేవాడు. ఆ పిల్ల పేరు స్రవంతి. జామకాయ దొరికితే గౌను అంచు దాని మీద కప్పి, గుడ్డ మీది నుంచే కొరికి, సగం తాతకిచ్చేది. బడిలో పిల్లలు నేర్పిన కాకెంగిలి అది. మధ్యలో గుడ్డ ఉంటే ఎంగిలి అంటదట! సాయిలు నవ్వేవాడు.

"గుడ్డ ఎందుకే? ఉత్తగనే కొరికియ్యి. నీ ఎంగిలి నాకెట్ల ఎంగిలైతది?"

దూలం మీద నుంచి నేను ఇదంతా చూస్తూ, మనుషులకు నియమాలు పెట్టడమూ వచ్చు, ప్రేమ పుడితే వాటిని ఎగ్గొట్టడమూ వచ్చు అనుకునేదాన్ని.

ఆ పిల్ల పెరిగి పెద్దదై, వ్యవసాయం చదివి, గడ్డి మీద పరిశోధనలోకి దిగింది. సరిగ్గా అప్పుడే ఊళ్లో తగువు లేచింది. గుట్ట కింది బీడులో గడ్డి పలచబడిందనీ, గొర్రెలే దాన్ని చంపుతున్నాయనీ, కంచె వేసి మందలను ఆపేయాలనీ కొందరన్నారు. కాదన్నారు గొర్రెలవాళ్లు. పంచాయితీ తెగక, గొర్రె కొరికితే గడ్డికి ఏమవుతుందో తేల్చమని పరిశోధన కేంద్రాన్ని అడిగారు. తేలేదాకా బీడులో ఏ మందా అడుగు పెట్టకూడదన్నారు. ఆ పని నాగభూషణం అనే పెద్ద సారు తీసుకుని, తన దగ్గర చదువుతున్న స్రవంతికి అప్పగించాడు.

"సార్, మా తాత మంద కూడా ఆ బీడు మీదే బతుకుతుంది," అని ఆమె ముందే చెప్పింది.

"అయితే ఇంకా జాగ్రత్తగా చేస్తావు," అన్నాడాయన.

గడ్డి తట్టుకోలేదని తేలితే సాయిలుకు మంద ఉండదు. ఆ చుట్టుపక్కల వేరే బీడు లేదు. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

నేను రంగంలోకి దిగింది ఇక్కడే. నిజం గొర్రెలను పెడితే లెక్క కుదరదన్నాడు సారు. ఒకటి పైపైన కొరుకుతుంది, ఇంకొకటి దుబ్బును గుంజుతుంది. కత్తెర అయితే అన్ని కుండీలకూ ఒకటే కోత. సబబుగానే ఉంది కదా! కానీ కేంద్రంలోని కత్తెరలు ఆ మొండి దుబ్బుల మీద జారిపోయాయి. స్రవంతి ఇంటికొచ్చి నన్ను ఇమ్మని తాతను అడిగింది. సాయిలు నన్ను దూలం మీద నుంచి దించి, నా అంచు మీద బొటనవేలితో రాశాడు. నాతో గడ్డి కోయడమంటే అతనికి చిన్న విషయం కాదు.

"తీస్కపో బిడ్డా. గొర్రెల కోసమే గద," అన్నాడు చివరికి.

బీడు అంచున వల కట్టిన షెడ్డు, అందులో వరసలుగా గడ్డి కుండీలు. ప్రతి కోతకు ముందు స్రవంతి నన్ను స్పిరిట్‌తో తుడిచేది. పసుపునీళ్లు పోయి స్పిరిట్ వచ్చింది గాని, మడి మాత్రం అదే. ఒక కుండీ మరక ఇంకో కుండీకి అంటకూడదట. కోసిన తర్వాత పోచ మొదట్లోంచి చిటికెడు ముక్క తీసి, పొగలు కక్కే చల్లటి డబ్బాలో దాచేది.

ఆమె వెతుకుతున్నదేమిటో వినీ వినీ నాకూ కొంత వంటబట్టింది. గడ్డికి పారిపోవడానికి కాళ్లు లేవు. ఉన్నదల్లా లోపలి జన్యువులే. అవన్నీ ఒకేసారి పనిచెయ్యవు, కొన్ని నిద్రపోతుంటే కొన్ని లేస్తాయి. పోచ తెగగానే లేచేవి ఏవి? గాయమైందని గోల పెట్టేవా, వేళ్లలో దాచుకున్న చక్కెరను పైకి తెచ్చి కొత్త ఆకు వేయించేవా?

నా కోతకు లేచినవి గోల పెట్టేవే. ఇంట్లో దొంగలు పడ్డట్టు ఒకటే కేకలు, రోజులు గడిచినా ఆగలేదు. కొత్త ఆకు వేయించేవి ముసుగుతన్ని పడుకున్నాయి. స్రవంతి మళ్లీ కోసింది, మళ్లీ చూసింది. అదే జవాబు. నా కోతలో వంక పెట్టడానికేమీ లేదు. పాపం, ఏదైనా వంక దొరికితే బాగుండునని ఆ పిల్ల ఎంత వెతికిందో!

అవతల మేత లేక, వయసులో ఉన్నవాళ్లు మందలను దూరం ఊళ్లకు తోలుకుపోయారు. అంత దూరం నడవలేని సాయిలు తన గొర్రెలను ఒకటొకటిగా అమ్ముకుంటూ వచ్చాడు. చివరికి బొల్లి ఒక్కటే మిగిలింది. నుదుట తెల్లమచ్చ ఉన్న గొర్రె అది. దాన్ని అమ్మడానికి అతనికి చేతులు రాలేదు. మధ్యాహ్నం మనవరాలికి అన్నం గిన్నె తెస్తుంటే అది వెంట వచ్చేది.

ఒకరోజు అన్నం తింటూ ఆమె చెప్పేసింది. "గడ్డి ఓర్సుకుంటలేదు తాతా."

సాయిలు గొంగడి అంచు సవరించుకున్నాడు. "ఉన్నదున్నట్టు రాయి బిడ్డా. నా మొఖం చూసి అబద్ధం రాయకు."

ఆ మాట అని లేచి, ఆమె వెంట గిన్నె కడగడానికి కుళాయి దాకా వెళ్లాడు. మనసు మనసులో లేదు, షెడ్డు తలుపుకు గడియ పెట్టడం మరిచిపోయాడు. బొల్లికి అంతకంటే ఏం కావాలి? ఎన్నాళ్ల ఆకలో అది. పోల్చి చూడటానికి కోయకుండా ఉంచిన వరసలో చొరబడి కరకరా మేసేసింది. నేను బల్ల మీద ఉండి చూస్తూనే ఉన్నాను, అరిచే నోరు నాకు లేదు.

తిరిగొచ్చిన సాయిలు బొల్లిని చెవి పట్టి బయటికి లాగాడు. "నా గొర్రెనే నా బిడ్డ సదువు మేసింది," అన్నాడు. స్రవంతి కూడా ఏడ్చింది. ఆ వరసను పారేయడానికి కుండీ ఎత్తింది, మళ్లీ దించింది. ఎలాగూ పోయినవే గదా అని వాటి ముక్కలు కూడా తీసి డబ్బాలో వేసింది.

కొన్నాళ్లకు ఆ కొరికిన వరస నేను కోసినవాటి కంటే ముందు చిగురేసింది. ఆ ముక్కల్లో చూస్తే, గోల పెట్టేవి లేచి కాసేపు అరిచి ఊరుకున్నాయి. కొత్త ఆకు వేయించేవి నిద్ర లేచి పనిలో పడ్డాయి.

సారు నమ్మలేదు. ఒక్క గొర్రె మేసిన ఒక్క వరసను పట్టుకుని ఏం చెబుతామన్నాడు. న్యాయమే. అప్పుడు స్రవంతి దూది తీసుకుంది. సాయిలు బొల్లి దవడ పట్టుకున్నాడు. దాని చొంగను దూదికి అద్ది, తెచ్చి నా రెండు పలకలకూ పూసింది.

"ఉన్ని కత్తెరకు ఎంగిలి పూస్తున్నవా? మీ ముత్తాత సూస్తే కట్టె పట్టుకోని ఎంటవడుతుండె," అన్నాడు సాయిలు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

నా పరువు ఆ రోజుతో పోయింది. వెచ్చగా, జిగటగా, పచ్చిగడ్డి వాసనతో అంటుకుంది ఆ ఎంగిలి. కొన్ని కుండీలను ఉత్త నాతో కోశారు, కొన్నింటిని నీళ్లు పూసిన నాతో, కొన్నింటిని ఎంగిలైన నాతో. ఎంగిలి తగిలినవే త్వరగా తేరుకున్నాయి. మళ్లీ చేశారు. అవే మళ్లీ తేరుకున్నాయి.

"తాతా, గడ్డికి ఇన్నొద్దులు నేను ఎంగిలి అంటకుండ కాకెంగిలి పెట్టిన," అంది స్రవంతి.

నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. నా మడిని చూసి గడ్డి నన్ను శత్రువనుకుంది. తరతరాలుగా తనను కొరికిన నోరు తగిలితే చాలు, గుర్తుపట్టి మళ్లీ లేచింది. గొర్రెనని నేను ఎంత నటించినా మోసపోలేదు.

స్రవంతి ఉన్నదున్నట్టే రాసింది. మొదలంటా మేస్తే మాత్రం ఏ ఎంగిలీ గడ్డిని లేపలేదని కూడా రాసింది. బీడును భాగాలు చేసి, ఒకదాన్ని మేపుతూ మిగతావాటికి విరామం ఇవ్వాలని తేల్చి, గేటు తీశారు. మిగతావాళ్ల మందలు దూరం ఊళ్ల నుంచి తిరిగొచ్చి, దుమ్ము రేపుకుంటూ లోపలికి పోయాయి. సాయిలు ఒక్క బొల్లితో నిలబడ్డాడు.

"ఆలస్యం చేసిన తాతా," అని ఏడ్చింది ఆమె.

అతను ఆమె తల నిమిరి, గడ్డి కొరుకుతున్న బొల్లిని చూపించాడు. అది చూలుతో ఉంది. "గడ్డికి మొదలుంటే చాలంటివి గద బిడ్డా. నాకు గూడ మొదలు మిగిలింది."

ఉన్ని కోత రోజు నేను ఇంటికొచ్చాను. కోయడానికి ఉన్నది బొల్లి ఒక్కటే. స్రవంతి పసుపునీళ్లు తెచ్చి పెట్టి, అరుగు మీద కూర్చుని జామకాయ కొరికి సగం తాతకిచ్చింది. మధ్యలో గుడ్డ లేదు. సాయిలు దాన్ని తింటూ, పసుపునీళ్ల గిన్నెను పక్కకు జరిపి, ఆ ఎంగిలి చేత్తోనే నన్ను అందుకున్నాడు. నేనేమీ అనుకోలేదు.